నెయ్యి లేని మిఠాయిలో పంచదారా, బెల్లమా?



పండగ వస్తోందంటే మన ఇళ్ళలో మొదట బయటికి వచ్చేది బాణలి, ఆ వెనకాలే నేతిగిన్నె. నేతిగిన్నె లేనిది పండగేమిటని మా అత్తగారు అనేవారు. నేనూ అలాగే అనుకునేదాన్ని, మా అమ్మాయి కొడుక్కి పాలు పడవని తేలేవరకూ. వాడికప్పుడు నాలుగేళ్ళు. పాలు, పెరుగు, వెన్న, కోవా ఏది లోపలికి పోయినా వొళ్ళంతా దద్దుర్లు. ఒకసారి ఊపిరాడక అర్ధరాత్రి ఆస్పత్రికి పరుగెత్తాం. నెయ్యి ఎంత బాగా కాచినా పాలలోని మాంసకృత్తులు అందులో కాస్తో కూస్తో మిగిలే వుంటాయి కనుక అదీ వద్దన్నారు డాక్టరుగారు.

ఆ యేడు సంక్రాంతినాడు అందరి ఆకుల్లోనూ రవ్వలడ్డూ, సున్నుండా, బొబ్బట్టూ వడ్డించాను. వాడి ఆకులో అరటిపండు పెట్టాను. వాడు పక్క ఆకు చూశాడు, తన ఆకు చూసుకున్నాడు, "అమ్మమ్మా, నాకేదీ?" అన్నాడు. నలభై యేళ్ళుగా పిండివంటలు చేస్తున్న చేతులు నావి. ఆ పూట నాకు ముద్ద దిగలేదు.

వాడికి పడక మానేశాం. పడినా సరే, పశువుల నుంచి వచ్చేదేదీ వద్దని పాలు, నెయ్యి, ఆఖరికి తేనె కూడా ముట్టనివాళ్ళు ఈమధ్య మన ఇళ్ళలోనూ కనిపిస్తున్నారు. వాళ్ళని వీగన్లు అంటారు. 1944లో ఇంగ్లండులో పుట్టిన మాట అది. కొత్తకోడలో, విదేశం నుంచి సెలవులకు వచ్చిన మేనల్లుడో "అత్తా, నాకు నెయ్యి వద్దు" అన్నప్పుడు మనకు చిన్నతనంగా వుంటుంది, ఒకోసారి కోపం కూడా వస్తుంది. ఆ కోపం సంగతి ఎలా వున్నా, పెట్టవలసిన చెయ్యి మనది గదా. వంటింట్లో ఇద్దరి కష్టమూ ఒకటే: నెయ్యీ కోవా లేకుండా మిఠాయి నిలబడాలి.

మరి నేను మొదట ఏం చేశానో చెప్పనా? కొబ్బరి లౌజు చేద్దామనుకున్నాను. అందులో పాలవసరం లేదు, నెయ్యి పళ్ళేనికి రాసేపాటిదే. దాని బదులు కొబ్బరినూనె రాశాను. అంతటితో వూరుకుంటే బాగుండేది. పన్లో పని, పిల్లవాడికి పంచదార ఎందుకు, బెల్లం మంచిది గదా అని కొలతకు కొలతగా బెల్లం పోశాను. పంచదారతో ఎంతసేపు కలియబెడతానో అంతసేపే కలియబెట్టి పళ్ళెంలో పోసి, చాకుతో గాట్లు పెట్టాను. గాట్లు పెట్టినవి పెట్టినట్టే మూసుకుపోయాయి. సాయంత్రం దాకా చూశాను, రాత్రి దాకా చూశాను. మర్నాడు చెంచాతో తీసి పెట్టవలసి వచ్చింది. వాడికేం, వేళ్ళు నాకుతూ తిన్నాడు. నాకు మాత్రం తెలిసివచ్చింది, మిఠాయిలో తీపి కోసం వేసే సరుకు తీపి ఒక్కటే ఇవ్వదని.

చూడండి, రవ్వలడ్డూని వుండగా పట్టి నిలిపేది ఏమిటి? పేరుకున్న నెయ్యి. బర్ఫీకి బిగువు ఇచ్చేది? కోవా. ఈ రెండూ తీసేశాక ఆ పనంతా పాకం మీదే పడుతుంది. నెయ్యి వున్నప్పుడు పాకం కాస్త అటూ ఇటూ అయినా నెయ్యి కప్పిపుచ్చుతుంది, అది లేనప్పుడు తప్పంతా పైకి తేలుతుంది. అందుకని నెయ్యి మానేసిన వంటలో పంచదార వేస్తున్నామా, బెల్లం వేస్తున్నామా, తాటిబెల్లం వేస్తున్నామా అన్నది రుచికి సంబంధించిన విషయం మాత్రమే కాదు, మిఠాయి కట్టుకుంటుందా లేదా అన్న విషయం.

పంచదార దాదాపు అంతా ఒకే పదార్థం. సుక్రోజు అంటారు. కరిగించి, మరిగించి, చల్లారనిస్తే మళ్ళీ పలుకులు కట్టాలనే చూస్తుంది. ఆ గుణం వల్లే పంచదారతో చేసిన కొబ్బరి లౌజు చల్లారగానే తెల్లగా బిగిసి, చాకు పెడితే ముక్కలుగా తెగుతుంది. బెల్లంలోనూ ఎక్కువ భాగం సుక్రోజే. కానీ చెరకురసం గంటల తరబడి మరగడంలో అందులో కొంత విడిపోయి గ్లూకోజు, ఫ్రక్టోజు అనే చిన్న చక్కెరలవుతుంది. ఇవి పలుకులు కట్టనివ్వవు, పైగా గాలిలోని తేమను లాక్కుంటాయి. వీటికి తోడు బెల్లంలో సహజంగా కొంత తడి వుండనే వుంది. అందుకే బెల్లం మిఠాయి సాగుతుంది, మెత్తగా వుంటుంది, వానాకాలంలో డబ్బా మూత తీసి పెడితే చెమ్మగిల్లుతుంది. పంచదార పాకంలో మన పెద్దవాళ్ళు నాలుగు చుక్కలు నిమ్మరసం పిండేవారు, జ్ఞాపకం వుందా? ఆ పులుపు కూడా సుక్రోజును కొంత విడగొట్టి పాకం పలుకులు కట్టకుండా చేస్తుంది. ఈ శాస్త్రం వాళ్ళకు తెలుసో లేదో గానీ, పని మాత్రం తెలుసు.

ఇది తెలిశాక లౌజు దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. బిళ్ళలు కావాలంటే రెండు గ్లాసుల కొబ్బరికోరుకు గ్లాసు పంచదార. సన్నసెగ మీద కలుపుతూ, ముద్ద బాణలిని విడిచి గరిటెతోపాటు తిరగడం మొదలెట్టగానే దించి, కొబ్బరినూనె రాసిన పళ్ళెంలో సర్దాలి. ఇంకాసేపు వుంచితే బిళ్ళ విరిగి పొడిపొడిగా రాలుతుంది. బెల్లమే వెయ్యాలనుకుంటే బిళ్ళల మీద ఆశ వదులుకోండి. తురిమిన బెల్లం గ్లాసు, పంచదారకు పట్టినదానికంటే ఇంకొంచెం సేపు దగ్గరపడనివ్వండి, చెయ్యి పట్టేంత వేడిలో వుండలు చెయ్యండి. రంగు ముదురుగా వుంటుంది, రుచి నా మటుకు నాకు ఇదే ఎక్కువ. బిళ్ళలూ కావాలి, బెల్లం రుచీ కావాలంటే సగం సగం వెయ్యవచ్చు. బిళ్ళ కాస్త మెత్తగా వచ్చినా నిలబడుతుంది.

కొలత దగ్గర ఒక మాట. గ్లాసుకు గ్లాసు అనేది బెల్లం విషయంలో నమ్మదగింది కాదు. మా ఇంట్లో రెండు వందల గ్రాముల పంచదార పట్టే గ్లాసులో తురిమిన బెల్లం నొక్కకుండా పోస్తే నూట యాభైకి అటూ ఇటూ తూగింది. నొక్కి పోస్తే రెండు వందలు దాటింది. మరి ఏది గ్లాసు? వీలైతే తూచుకోండి. పంచదార వంటకాన్ని బెల్లానికి మార్చేటప్పుడు సమానమైన తూకంతో మొదలుపెట్టి, నీళ్ళు మాత్రం తగ్గించి పొయ్యండి. తీపి పిసరు తక్కువనిపిస్తే రెండోసారి పెంచుకోవచ్చు. ఇంకొకటి, నాలాగా నెయ్యీ పంచదారా రెండూ ఒకేసారి మార్చకండి. ముందు నెయ్యి తీసేసి చెయ్యండి, అది కుదిరాక తీపి మార్చండి. లేకపోతే చెడింది ఎందుకు చెడిందో తెలియదు.

అసలు మన పాత పిండివంటల్లో నెయ్యి అక్కరలేనివి ఎన్ని వున్నాయో నేను అప్పుడే గమనించాను. నాగులచవితికి చిమ్మిలి చేస్తాం గదా. నువ్వులు, బెల్లం, అంతే. రోట్లో దంచితే నువ్వుల్లోంచి నూనె వూరి, బెల్లంలో తడి కలిసి ముద్ద తనంతట తనే వుండకు వస్తుంది. ఇక్కడ బెల్లం తీసేసి పంచదార వేసి చూడండి, ఆ తడి లేక పొడిపొడిగా జారిపోతుంది. మిక్సీలో వేసేవాళ్ళు ఆపి ఆపి తిప్పాలి, ఒక్క తిప్పుడుగా తిప్పితే వేడెక్కి నూనె బయటికి వస్తుంది.

సున్నుండలకూ ఇదే కిటుకు. పంచదార పొడితో చేస్తే గిన్నెడు నెయ్యి పోస్తే గానీ వుండ కట్టదు. వేయించిన మినప్పిండిలో మెత్తని బెల్లం కలిపి దంచితే సగం బంక బెల్లమే ఇస్తుంది. మిగతాదానికి గోరువెచ్చని నువ్వులనూనె గాని, కొబ్బరినూనె గాని చెంచా చెంచాగా కలపండి. నేతి వాసన రాదు, రాదంటే రాదు, ఆ సంగతి ముందే ఒప్పుకుంటున్నాను. మినుముల్ని ఎర్రగా, కమ్మటి వాసన వచ్చేదాకా వేయిస్తే ఆ లోటు కొంత తీరుతుంది. కొబ్బరినూనెతో చేసిన వుండలు చలికాలం గట్టిగా, ఎండాకాలం జారుగా వుంటాయి. ఆ నూనె 24, 25 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది మరి. డాల్డా వంటి వనస్పతి వాడుకోవచ్చు గదా అంటారేమో. అది నూనెలతో చేసినదే, పాలు వుండవు, నిజమే. కానీ అందులో గుండెకు చెరుపు చేసే ట్రాన్స్ కొవ్వులు ఒకప్పుడు బాగా వుండేవి. 2022 నుంచి మన దేశంలో వాటిని నూటికి రెండు పాళ్ళకు మించనివ్వడం లేదు. అయినా నువ్వులనూనె ఇంట్లో వుండగా దాని జోలికి ఎందుకు పోవాలి?

రవ్వలడ్డూకి మాత్రం పంచదారే నా ఓటు. రెండు గ్లాసుల బొంబాయి రవ్వ నూనె లేకుండా దోరగా వేయించి, పచ్చికొబ్బరి కోరు అరగ్లాసు కలపండి. గ్లాసున్నర పంచదారలో మునిగేటన్ని నీళ్ళు పోసి తీగపాకం పట్టి, రవ్వ మీద పోసి మూతపెట్టండి. రవ్వ పాకాన్ని పీల్చుకున్నాక, వేడి చల్లారకముందే వుండలు చుట్టాలి. చల్లారేకొద్దీ పంచదార తన బుద్ధి ప్రకారం బిగుసుకుని లడ్డూని పట్టి వుంచుతుంది. బజార్లో దొరికే మెత్తని పంచదార పొడి పాకానికి వాడకండి. గడ్డ కట్టకుండా అందులో మొక్కజొన్న పిండి కలుపుతారు, పాకం జిడ్డుగా తయారవుతుంది.

నువ్వుండలు, వేరుశనగ వుండలు బెల్లం సొత్తు. పావుకిలో నువ్వులకు రెండు వందల గ్రాముల బెల్లం, కరగడానికి సరిపడా నీళ్ళు చాలు. కరిగించి వడకట్టి, ఇసకా నలుసులూ పోయాక మళ్ళీ పొయ్యిమీద పెట్టండి. చన్నీళ్ళలో చుక్క వేస్తే గట్టి వుండ కావాలి, ఆ వుండని పళ్ళెంలో వేస్తే ఠంగుమనాలి. అక్కడ దించండి. ఎవరైనా పంచదారతోనే కావాలంటే నీళ్ళు పొయ్యకుండా, అడుగు మందంగా వున్న బాణలిలో పంచదారనే సన్నసెగ మీద కరగనిచ్చి, తేనెరంగు రాగానే పల్లీలు కలిపి పరచండి. తేనెరంగుకీ మాడుకీ మధ్య వ్యవధి చాలా తక్కువ. ఆ సమయంలో కాలింగ్ బెల్ మోగినా వెళ్ళకండి. పిల్లల్ని మాత్రం దగ్గరికి రానివ్వకండి, మరిగే నీళ్ళకంటే ఆ పాకం ఎంతో వేడి.

అరిసెలు అయితే తడిపిండీ, వుండపాకమూ, నూనే. పిండిలో కలిపే చెంచాడు నెయ్యి మానేస్తే వచ్చే నష్టమేమీ లేదు. పాకం లేతదైతే నూనెలో విడిపోతాయి, ముదిరితే రాళ్ళు. పంచదార అరిసెలు చేసేవాళ్ళున్నారు, తెల్లగా వస్తాయి, బెల్లం అరిసె మెత్తదనం మాత్రం వాటికి రాదు. బూరెలకూ బొబ్బట్లకూ పూర్ణం పాతపద్ధతిలోనే, కాల్చడానికి నూనె.

పరమాన్నం గురించి చెప్పకపోతే మీరు వూరుకోరు. పాలతో చేసేటప్పుడు బెల్లం వెయ్యగానే పాలు విరుగుతాయేమోనని భయపడుతూ, దించి చల్లార్చి వేస్తాం. కొబ్బరిపాలతో ఆ బెంగ లేదు. మలయాళీలు బెల్లమూ కొబ్బరిపాలూ కలిపే ప్రథమన్ వండుతారు. ఒక కొబ్బరికాయ కోరి, మొదట తీసిన చిక్కటి పాలు పక్కన పెట్టండి. పిప్పిలో వేడినీళ్ళు పోసి తీసిన పలచటి రెండోపాలలో అరగ్లాసు బియ్యం మెత్తగా ఉడకనివ్వండి. బాగా మెత్తబడ్డాకే బెల్లం పాకం పొయ్యండి, తీపి పడ్డాక మెతుకు ఇక ఉడకదు. అయిదు నిమిషాలు ఉడికాక స్టౌ ఆర్పి, అప్పుడు మొదటిపాలు కలపండి. ఆ చిక్కటి పాలు మరిగితే నూనె తేలుతుంది. ఇందులో బెల్లం బదులు తాటిబెల్లం వేస్తే రుచి మరీ బాగుంటుంది. తాటిబెల్లాన్ని ముందు కరిగించి, తేర్చి, పల్చటి గుడ్డలో వడకట్టాలి సుమా, అడుగున మడ్డి చాలా దిగుతుంది. వుండపాకాలకు తాటిబెల్లం నేను వాడను. ముద్దముద్దకూ తడి వేరుగా వుండి పాకం ఎప్పుడొస్తుందో అంతుపట్టదు.

కలకండ సంగతి అడుగుతారు కొందరు, చలవ అని. అది పెద్ద పలుకులు కట్టిన పంచదారే, దంచి సమానమైన తూకంతో వాడుకోవచ్చు. బెల్లం కొనేటప్పుడు అనకాపల్లి బెల్లమైనా మరో వూరిదైనా మరీ తెల్లగా, పసుపుపచ్చగా మెరిసేదాని మోజులో పడకండి. రంగు తేలడానికి కొన్నిచోట్ల గంధకం కలిసిన రసాయనాలు వాడతారు. కాస్త నల్లగా వున్నదే మేలు. చిన్న ముక్క నోట్లో వేసుకుని చూడండి. చౌడునేల చెరకు బెల్లం ఉప్పగా వుంటుంది, పాకం పట్టాక తెలిస్తే ప్రయోజనం లేదు. వీగన్లు మరో ప్రశ్న వేస్తారు, పంచదార శుభ్రం చెయ్యడానికి ఎముకల బొగ్గు వాడతారట గదా అని. కొన్ని విదేశాల కర్మాగారాల్లో వాడతారు. మన మిల్లుల్లో ఎక్కువ భాగం సున్నం, గంధకపు పొగలతోనే చెరకురసం శుభ్రం చేస్తారు. అంతగా పట్టింపు వుంటే బెల్లం వాడండి. ఇక తేనె బదులు గింజ తీసిన ఖర్జూరాలు గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి రుబ్బిన ముద్ద బాగానే పనికి వస్తుంది.

ఇప్పుడు కాస్త కటువైన మాట చెప్పాలి. మా ఆడపడుచుకి పదేళ్ళుగా మధుమేహం. పంచదార వేసింది వేలితో ముట్టదు. నేను బెల్లం నువ్వుండలు చేశానని తెలిసి, "బెల్లమే గదా వదినా, ఏం చెయ్యదు" అని ఒక పూటలో నాలుగు తినేసింది. నేనూ సంతోషంగా పెట్టాను. మర్నాడు రక్తపరీక్ష చూసి మా ఇద్దరికీ నోట మాట రాలేదు. వంద గ్రాముల పంచదారలో నాలుగు వందల కెలొరీలుంటే, బెల్లంలో మూడు వందల ఎనభై వుంటాయి. తేడా అంతే. బెల్లంలో ఇనుము వుందంటారు, వుంది, మనం తినే ఒకటి రెండు ముక్కల్లో వచ్చేది కొంచెమే. తాటిబెల్లమూ, ఈమధ్య ఖరీదైన పొట్లాల్లో వస్తున్న కొబ్బరి చక్కెరా కూడా రక్తంలోకి చక్కెరే పంపుతాయి. నెయ్యి లేదు గనుక, పంచదార లేదు గనుక ఎంతైనా తినవచ్చనుకోవడం పొరపాటు. పంచదార బదులు వాడే తీపి మాత్రలున్నాయి గదా అంటే, వాటికి తీపి వుంది గానీ ఒళ్ళు లేదు. వాటితో తీగపాకమూ రాదు, వుండపాకమూ రాదు. అందులో కొన్నిటికి వేడి తగిలితే వున్న తీపి కూడా పోతుంది. మా ఆడపడుచుకి ఇప్పుడు ఉసిరికాయంత వుండలు వేరే చుడుతున్నాను. డాక్టరు ఒప్పుకున్న రోజున ఒకటి.

పాలు పడని పిల్లలున్న ఇంట మరొక జాగ్రత్త. నెయ్యి వేసిన గరిటె ఆ మిఠాయిలో పెట్టకూడదు, నేతిలో వేయించిన జీడిపప్పు తీసి పైన అద్దకూడదు. మా వాడికి ఒక బాణలి, ఒక గరిటె, ఒక డబ్బా వేరే పెట్టాను. ముందు వాడి వంట చేసి డబ్బాకెత్తాకే నేతిగిన్నె దించుతాను. నువ్వులూ వేరుశనగలూ కూడా పడని పిల్లలుంటారు. చుట్టాల పిల్లలకు పెట్టేముందు తల్లినొకసారి అడిగి పెట్టండి.

పోయిన సంక్రాంతికి వాడి ఆకులో నువ్వుండ, కొబ్బరి లౌజు, అరిసె పడ్డాయి. వాడు పక్క ఆకు వైపు చూడలేదు. పక్క ఆకువాళ్ళే వీడి లౌజు రుచి చూస్తామని చెయ్యి చాపారు.

ఆఖరుగా ఒక్క మాట. వుండలు చుడుతుండగా పాకం బిగుసుకుపోయిందనుకోండి, కంగారుపడి నీళ్ళు చల్లకండి. బాణలిని మళ్ళీ సన్నసెగ మీద ఒక్క నిమిషం పెట్టండి, మెత్తబడుతుంది. చేతికి తడి మాత్రం అద్దుకోండి, లేకపోతే వేళ్ళు కాలతాయి.